కొత్త నాణెం, పాత వల: సరిహద్దు పల్లెల్లో క్రిప్టో మోజు

సామల్పట్టి, ఊత్తంగరై, బర్గూరు పరిసరాల పల్లె కుటుంబాల రాబడిలో రెండు ముఖ్యమైనవి. మామిడి కాపు సొమ్ము ఏడాదికొకసారి చేతికందుతుంది. హోసూరు, బెంగళూరు కర్మాగారాల్లో పనిచేసే బిడ్డల జీతం నెలకొకసారి వస్తుంది. ఖర్చులు పోగా మిగిలినది చీటీకో, బంగారానికో మళ్లడం పాత అలవాటు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ మిగులుకు మరొక దారి చూపేవారు బయలుదేరారు. ఆ దారి పేరు క్రిప్టో కరెన్సీ. సెల్‌ఫోను చేరిన ప్రతి పల్లెకూ ఈ మాట చేరింది. అయితే ఊళ్లోకి వచ్చినది నిజంగా క్రిప్టో కరెన్సీయేనా, లేక ఆ పేరు తగిలించుకున్న పాత మోసమా అన్నదే ముందుగా తేల్చుకోవలసిన విషయం.

అసలు వస్తువు ఏమిటి?

2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అనే మారుపేరుతో బిట్‌కాయిన్ ప్రణాళిక వెలువడింది. 2009 జనవరిలో అది ఆచరణలోకి వచ్చింది. ఊళ్లో చీటీ నడిపేవారి వద్ద పద్దు పుస్తకం ఒక్కటే ఉంటుంది. ఆయన అంకె దిద్దితే పట్టుకోవడం కష్టం. బిట్‌కాయిన్‌లో అదే పద్దు వేలాది కంప్యూటర్లలో ఏకకాలంలో ఉంటుంది. ఒకచోట దిద్దితే మిగిలినవి అంగీకరించవు. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టకుండా నియమం ఉన్నది. ఇంతవరకు ఇది మెచ్చుకోదగిన ఏర్పాటే.

కానీ ఆ నాణెం వెనుక ప్రభుత్వమూ లేదు, బంగారమూ లేదు. కొనేవారు ఉన్నంతవరకే దానికి విలువ. 2021 నవంబరులో సుమారు 69 వేల డాలర్లు పలికిన ఒక్క బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 17 వేల డాలర్ల లోపునకు పడిపోయింది. 2025 అక్టోబరులో లక్షా 25 వేల డాలర్లు దాటి, మరుసటి నెలలోనే లక్ష డాలర్ల దిగువకు జారింది. ఇంత ఒడుదొడుకును తట్టుకోగలిగినది కలిగినవారి మిగులు ధనమే కాని, కూతురి పెళ్లికి దాచిన సొమ్ము కాదు.

నిత్య జీవితంలో స్థానమెంత?

సంతలో కూరగాయలకు, ఎరువుల అంగడిలో బాకీకి, బడి ఫీజుకు క్రిప్టో నాణెం చెల్లదు. దాని అవసరమూ అంతగా లేదు. 2016లో వచ్చిన యూపీఐతో రూపాయి క్షణంలో చేతులు మారుతున్నది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధమైన చెల్లింపు ద్రవ్యంగా ప్రకటించింది. 2025 జనవరిలో చట్టాన్ని సవరించి, వ్యాపారులు దానిని తప్పనిసరిగా స్వీకరించాలన్న నిబంధనను తొలగించింది. ఒక దేశమే పూనుకొన్నా అంగడిలో నిలవని నాణెం ఇది.

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న ప్రయోగాత్మకంగా సామాన్యులకు అందించిన డిజిటల్ రూపాయి వేరు. అది ప్రభుత్వ ద్రవ్యమే. విలువ మారదు, లాభమూ రాదు. "సర్కారే డిజిటల్ నాణెం తెచ్చింది, మాది కూడా అదే" అని ఎవరైనా చెబితే అది అబద్ధమని గ్రహించాలి.

పాత మోసానికి కొత్త పేరు

తమిళనాడు ప్రజలు ఈము పక్షులను మరచిపోలేదు. పక్షులను పెంచితే నెలనెలా డబ్బు ఇస్తామని ఈరోడు జిల్లా పెరుందురై కేంద్రంగా డిపాజిట్లు సేకరించిన సంస్థ 2012లో కుప్పకూలింది. పక్షి పోయి నాణెం వచ్చింది. తక్కిన కథ అంతా ఒకటే.

గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం ఇందుకు ఉదాహరణ. బిట్‌కాయిన్లు అప్పగిస్తే 18 నెలలపాటు నెలకు 10 శాతం చొప్పున తిరిగి ఇస్తామని దాని నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్ ఆశ చూపాడు. తరువాత బిట్‌కాయిన్లకు బదులు తానే సృష్టించిన, విలువలేని మరొక నాణేన్ని అంటగట్టాడు. 2018లో అరెస్టయ్యాడు. అనంతరం కేసులు సీబీఐకి చేరాయి. తెలంగాణలోని నిర్మల్ జిల్లాలో 2024లో యూబిట్ కాయిన్ పేరిట సాగిన గొలుసుకట్టు వ్యవహారంలో అరెస్టయినవారిలో ప్రభుత్వోద్యోగులు కూడా ఉండడం గమనార్హం. చదువుకున్నవారు చేర్పిస్తున్నారన్న ధైర్యమే పల్లెలకు చేటు తెచ్చింది.

ఈ పథకాల లెక్క పలక మీద వేసి చూడవచ్చు. రోజుకు ఒక శాతం లాభమన్నారనుకోండి. నూరుమంది తలా లక్ష కట్టితే కోటి రూపాయలు పోగవుతాయి. నెలకు 30 లక్షలు తిరిగి పంచాలి. నూరు రోజుల్లో పెట్టె ఖాళీ. కొత్తవారు చేరితేనే పాతవారికి డబ్బు. ఇక ఒక్కొక్కరు ఇద్దరిని చేర్చాలన్నారనుకోండి. మొదటి మనిషి కింద 20 అంచెలు నిండేసరికి మొత్తం సభ్యులు 20 లక్షల 97 వేలు దాటాలి. 2011 జనగణన ప్రకారం కృష్ణగిరి జిల్లా జనాభాయే సుమారు 18 లక్షల 80 వేలు. ఊయలలోని పసిబిడ్డతో సహా అందరూ చేరినా గొలుసు తెగక తప్పదు.

గొలుసు తెగినప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు. చేర్పించినవాడు పరాయివాడు కాడు. బావమరిదో, చిన్నాయన కొడుకో, అమ్మగారి ఊరివాడో అయి ఉంటాడు. తమిళ సీమలో తెలుగు మాట్లాడే మనిషి కనిపిస్తే కలిగే నమ్మకమే ఇక్కడ పెట్టుబడి. తాలిబొట్టు తప్ప తక్కిన నగలు తాకట్టుకు వెళ్లిన ఇంట్లో ఆ తరువాత పెళ్లి పిలుపులు, చావు కబుర్లు కూడా ఆగిపోతాయి. పైనున్నవాడు ఊరు దాటిపోతాడు. కిందివాడు బంధువుల కంట్లో దొంగగా మిగులుతాడు.

బ్యాంకు ఖాతాయే ఎర

యువకులకు మరొక వల ఉన్నది. "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము కొద్ది రోజులు ఇవ్వు, కమీషను ఇస్తాము" అంటారు. మరెక్కడో మోసపోయినవారి సొమ్ము ఆ ఖాతాలో పడుతుంది. వెంటనే డాలరు విలువకు ముడిపెట్టిన టెథర్ వంటి నాణెంగా మారి దేశం దాటుతుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికే. అపరిచితుడికి నాణేలు అమ్మి నేరుగా ఖాతాలో డబ్బు వేయించుకొన్నా ఇదే ప్రమాదం. ఆ డబ్బు దొంగసొమ్మయితే ఖాతా స్తంభించిపోతుంది.

స్నేహం నటించి, నకిలీ యాప్‌లో లాభాలు చూపి దోచుకొనే ముఠాలు కంబోడియా, మయన్మార్‌లలో తిష్ఠ వేశాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియాకు వెళ్లిన తెలుగు యువకులచేత ఇటువంటి మోసాలే చేయిస్తున్నట్లు 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు వెల్లడించారు. మోసపోయేవాడూ మనిషే, మోసానికి బలవంతంగా పనిముట్టయ్యేవాడూ పేదింటి బిడ్డే.

చట్టం ఏమంటున్నది?

క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వును 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొనడం నేరం కాదు. అయితే 2022 నుంచి లాభంపై 30 శాతం పన్ను, అమ్మకంపై ఒక శాతం ముందస్తు కోత అమలులోకి వచ్చాయి. ఒక నాణెంపై 40 వేలు లాభం, మరొకదానిపై 40 వేలు నష్టం వచ్చినవారికి చేతిలో మిగిలింది సున్న. అయినా నష్టాన్ని లాభంలో తగ్గించుకొనే వీలు లేనందున సెస్సుతో కలిపి 12,480 రూపాయలు పన్ను కట్టవలసిందే.

2023 మార్చి నుంచి క్రిప్టో మార్పిడి సంస్థలు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదు కావాలి. నమోదయినంత మాత్రాన భద్రత పూర్తి కాదు. 2024 జూలై 18న వజీర్ఎక్స్ సంస్థ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు చోరీ అయ్యాయి. ఆ సంస్థలో చిక్కుకొన్న ఒక మహిళ నాణేల విషయంలో మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరు 25న ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. క్రిప్టో ద్రవ్యం కాకపోయినా అది ఆస్తియేనని తేల్చి, ఆమెకు రక్షణ కల్పించింది. కాని ఆస్తి అనదగిన నాణెమంటూ ఉంటేనే ఈ తీర్పు ఉపకరిస్తుంది. దళారి యాప్‌లోని ఉత్త అంకెలకు ఏ కోర్టూ విలువ కట్టలేదు.

అటువంటి పథకాలపై 1997 నాటి తమిళనాడు డిపాజిటర్ల పరిరక్షణ చట్టం, 2019 నాటి కేంద్ర చట్టం వర్తించే అవకాశం ఉన్నది. ఏజెంటు కుప్పంలో, బ్యాంకు బెంగళూరులో, బాధితుడు సామల్పట్టిలో ఉన్నంత మాత్రాన వెనుదిరగనక్కరలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి దాచిన ప్రతి గంటా మోసగానికే లాభం.

రేపటి మాట

బిట్‌కాయిన్ రేపే మాయమవుతుందనడానికి ఆధారం లేదు. దాని పద్దు పదిహేనేళ్లకు పైగా నిలిచింది. విదేశాల్లో పెద్ద పెట్టుబడి సంస్థలు కూడా దానిని కొంటున్నాయి. బంగారం వలె కొందరు దాచుకొనే వస్తువుగా అది కొనసాగవచ్చు. అంతమాత్రాన దాని పేరు చెప్పుకొని పుట్టిన వేలాది నాణేలు నిలుస్తాయనుకోవడం పొరపాటు. నెలనెలా స్థిరమైన లాభాన్ని అసలు బిట్‌కాయినే ఇవ్వదు. అది ఇవ్వలేనిదానిని ఊరి నాణెం ఇస్తుందనడం నమ్మదగిన మాట కాదు.

కనుక డబ్బు కట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చొని మూడు ప్రశ్నలు అడగాలి. లాభం ఎవరి జేబునుంచి వస్తున్నది? ఈ నాణేన్ని చేర్పించినవారికి కాక, ముక్కు మొగం తెలియనివారికి ఈరోజే అమ్మి రూపాయలు పొందగలమా? మరొకరిని చేర్చకపోతే రాబడి ఆగిపోతుందా? వీటికి సూటియైన జవాబు రాకపోతే, అడిగినవాడు సొంత మేనమామ అయినా సరే, డబ్బు ఇవ్వకపోవడమే బంధుత్వాన్ని కాపాడుకొనే మార్గం.