జోష్‌తో పుట్టిన క్లబ్, హిసాబ్‌తోనే బతుకుతుంది

2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తింది. 2025 వచ్చేసరికి ఆ టీమ్ పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మధ్యలో ఆటగాళ్ళ జీతాలు బకాయి పడ్డాయి, మాలిక్ మారాడు, చివరికి ఊరే మారింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెండాలు ఊపిన పిల్లల మర్జీ ఎవరూ అడగలేదు. అసలు ఆ టీమ్ పుట్టిందే 2019లో పూణె క్లబ్ ఖాళీ చేసిన చోట. పూణె పిల్లల్నీ అప్పుడు ఎవరూ అడగలేదు.

ఇలాంటి జుల్మే ఇరవై ఏళ్ళ కింద లండన్‌లో జరిగింది. వింబుల్డన్ ఎఫ్‌సీని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తీసుకుపోవచ్చని 2002 మేలో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం వేసిన కమిషన్ ఫైసలా ఇచ్చింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి 2011 నాటికి నాలుగో అంచెకు, అంటే ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. 2020 నవంబర్‌లో తమ పాత పేటలోనే, ప్లౌ లేన్‌లో, కొత్త స్టేడియం తెరిచారు.

ఈ దాస్తాన్ విన్నవాళ్ళంతా జోష్ గురించే మాట్లాడతారు. నేను మాత్రం హిసాబ్ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఎందుకంటే జోష్ ఒక సీజన్ నడిపిస్తుంది. ఆ తర్వాత కరెంటు బిల్లు వస్తుంది.

దోస్తులారా, క్లబ్‌కు వచ్చే పైసా అంతా ఒక్కటి కాదు. సభ్యత్వ రుసుం, టికెట్లు, మ్యాచ్ రోజు చాయ్, సమోసా, జెర్సీల అమ్మకం ఏటా తిరిగొచ్చే ఆమ్దనీ. వాటాలు అమ్మిన సొమ్ము ఒక్కసారి వచ్చేది. అప్పు తిరిగి ఇచ్చేయాల్సింది. ఇల్లు నడిపే ప్రతి అమ్మీకి ఈ ఫరక్ తెలుసు. నెల కిరాణా జీతంలోంచి రావాలి, చిట్టీ పాడిన సొమ్ము ఇంటి కప్పుకు పోవాలి. చిట్టీ సొమ్ముతో దావత్ చేసేస్తే మిగిలిన వాయిదాలు కట్టేదెవరు? క్లబ్‌కూ ఇదే ఉసూల్. ఆటగాళ్ళ జీతాలు ఏటా వచ్చే ఆమ్దనీలోంచే రావాలి. ఒక్కసారి వచ్చే పెద్ద సొమ్ము మైదానం లాంటి నిలిచి ఉండేదానికే పోవాలి.

వింబుల్డన్ వాళ్ళకు దీనికి పెద్ద ఇంతెహాన్ 2019 చివర్లో వచ్చింది. స్టేడియం పూర్తి కావడానికి ఇంకా 1 కోటి 10 లక్షల పౌండ్లు తక్కువ పడ్డాయి. బయటి పెట్టుబడిదారుల వైపు చూద్దామన్న మాటా నడిచింది. అప్పుడు అభిమానులే ఒక బాండ్ పథకం తెచ్చారు. 4 శాతం లోపు ఎంత వడ్డీ కావాలో బాండ్ కొనేవాళ్ళే చెప్పుకోవచ్చు. సున్నా అన్నా కబూలే. మన జబాన్‌లో దాని పేరు ఖర్జె హసనా. అలా 50 లక్షల పౌండ్లకు పైగా పోగయింది. మిగతా లోటుకు వేరే దారులు వెతుక్కున్నారు. అయితే ఖర్జె హసనా కూడా ఖర్జే, అసలు తిరిగి ఇచ్చేయాలి. ఆ సొమ్ము స్టేడియం గోడల్లోకి పోయింది కాబట్టి దాన్ని తీర్చే ఆమ్దనీకి ఒక ఆధారం ఉంది. అదే సొమ్ము ఒక సెంటర్ ఫార్వర్డ్ జీతానికి పోయి ఉంటే, రెండేళ్ళలో ఆటగాడూ ఉండడు, పైసా కూడా ఉండదు.

మాలిక్‌లు అభిమానులైతే చాలు, బర్కత్ దానంతట అదే వస్తుందనుకునేవాళ్ళు ఒకసారి బార్సిలోనా వైపు చూడాలి. లక్షకు పైగా సభ్యులు సొంతదారులైన క్లబ్ అది. 2021 ఆగస్టులో దాని అధ్యక్షుడు లపోర్తా 135 కోట్ల యూరోల అప్పు లెక్క చెప్పాడు. అదే నెలలో మెస్సీ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది స్పానిష్ లీగ్ టీవీ ఆమ్దనీలో నాలుగో వంతును 25 ఏళ్ళకు అమ్మేశారు. ఇప్పటి జట్టు కోసం, ఇంకా పుట్టని అభిమానుల హక్ ఖర్చయింది. ఓటు హక్కు ఉన్నంత మాత్రాన హిసాబ్ సరిగ్గా ఉండదు.

ఇంకో సవాల్ కూడా న్యాయమైనదే. సామాన్యుల చందాలతో ఎంత దూరం పోగలం? పోర్ట్స్‌మౌత్ అభిమానులు ఒక్కొక్కరు వెయ్యి పౌండ్ల వాటాలు వేసుకుని 2013లో దివాలా అంచు నుంచి క్లబ్‌ను కాపాడారు. మునుపటి మాలిక్‌ల నాటి అప్పులు తీర్చారు. 2017లో మాత్రం ఓటు వేసి, మైకేల్ ఐస్నర్ కంపెనీకి 56.7 లక్షల పౌండ్లకు అమ్మేశారు. పాత స్టేడియం మరమ్మత్తులకూ పై లీగ్‌ల పోటీకీ తమ జేబులు చాలవన్నది చాలామంది అభిప్రాయం. దీన్ని ఓటమి అనను. దివాలా తీసిన క్లబ్‌ను అప్పుల్లేని క్లబ్‌గా అప్పగించారు. కానీ ఒక్కసారి అమ్మిన ఇఖ్తియార్ మళ్ళీ కొనడం దాదాపు అసాధ్యం.

పెద్ద సొమ్ము కావాలంటే అమ్ముకోవడం ఒక్కటే దారి కాదని హాంబర్గ్‌లోని సాంక్ట్ పౌలి చూపించింది. స్టేడియంలో మెజారిటీ వాటా కొనడానికి అక్కడ ఒక సహకార సంఘం పెట్టారు. 2024 నవంబర్ నుంచి కొన్ని నెలల్లో 21 వేల మందికి పైగా కలిసి దాదాపు 2 కోట్ల 90 లక్షల యూరోలు పోగుచేశారు. ఎన్ని షేర్లు కొన్నా మనిషికి ఒకటే ఓటు. పైసా ఎక్కువ తెచ్చినవాడికి షుక్రియా దొరుకుతుంది, కుర్సీ దొరకదు.

మన దగ్గర సూపర్ లీగ్ టీమ్‌ను ఇలా కొనడం ఇప్పట్లో ఖయాలే. కానీ ఇది రహీం సాబ్ ఊరు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు ఒక సర్కారీ శాఖ నీడలో ఎదిగింది. ఈ తరం టీమ్ ఒక సేఠ్ నీడలో బతికింది. నీడ ఎవరిదైనా, అది జరిగినప్పుడు ఎండ ఆటగాళ్ళ మీదే పడింది.

అందుకే మహల్లా క్లబ్ నుంచే మొదలుపెట్టాలి. అయిదు వందల మంది నెలకు వంద రూపాయలిస్తే ఏడాదికి ఆరు లక్షలు. కోచ్, బంతులు, మైదానం కిరాయి, బస్సు అన్నీ ఆ ఆరు లక్షల్లోనే సర్దుకోవాలి. ఏ ఒక్కరి విరాళమూ ఏడాది ఆమ్దనీలో పదో వంతు దాటకూడదు, ఆయన అలిగినా క్లబ్ నడవాలి కాబట్టి. ప్రతి నెలా జమా ఖర్చు కాగితం గోడ మీద అంటించాలి. గెలిచిన కప్పు ఫోటో పక్కనే, అదే సైజులో.