గాజుపెట్టెలో గుత్తి నీలం

'నాన్నా, పుట్టినరోజుకి నాకో సాలీడు కొనిపెట్టవా?'

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఏ పదో తరగతి పిల్లాడో ఇలా అడిగాడనుకోండి. ఏమవుతుంది? నాన్న చేతిలో పేపరు కిందికి దిగుతుంది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తుంది. ఇక నానమ్మయితే 'సాలెపురుగును ఎవలన్న పైసలు పెట్టి కొంటరార? ఆ బూజుకర్ర అందుకో, అటక మీద కావల్సినన్ని ఉన్నయ్' అంటుంది!

నవ్వొచ్చినా సరే, ఆ పిల్లాడిది మరీ వింత కోరికేం కాదు. కుక్కనీ పిల్లినీ పెంచినట్టే అరచేయంత సాలీళ్లను గాజుపెట్టెల్లో పెట్టి పెంచుకునేవాళ్లు అమెరికా, ఐరోపాల్లో వేలమంది ఉన్నారు. మన నగరాల్లోనూ ఆ సరదా ఉన్నవాళ్లు లేకపోలేదు. ఆ పెద్ద సాలీళ్లనే టరాంటులాలంటారు. ఇటలీలో టరాంటో అనే ఊరి పేరు మీదుగా వచ్చిన మాట అది. వెయ్యికి పైగా రకాలున్న ఈ టరాంటులాల్లో అభిమానులు బాగా మోజుపడేది ఒకటుంది. నెమలికంఠం లాంటి నీలిరంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. దాని పేరు 'గూటీ సఫైర్'... అంటే గుత్తి నీలం. ఆ గూటీ ఏ విదేశీ పట్నమో కాదు, అనంతపురం జిల్లాలోని మన గుత్తే!

కలపతోపాటు ప్రయాణం

గుత్తికీ సాలీడుకీ లంకె ఎక్కడ కుదిరిందో లాలాగూడ వాళ్లకి చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఎందుకంటే అది రైలు కథ. నిజాం రైల్వే 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టేనాటికి పెట్టెలు తయారయ్యేదీ, పట్టాల కింద పరిచేదీ ఎక్కువగా కలపే. ఏ రైల్వే కూడలిలో చూసినా దుంగల గుట్టలే. గుత్తిలోనూ అలాంటి కలప యార్డు ఉండేది. అక్కడ దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి, లండన్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో దానికి 'పీసిలోథీరియా మెటాలికా' అని పేరు పెట్టారు.

ఆ తరవాత? అంతే! మళ్లీ దాని జాడ లేదు. ఒక ఏడూ రెండేళ్లూ కాదు, నూట రెండేళ్లు. చివరికి 2001లో అది కనిపించింది. అయితే గుత్తిలో కాదు. అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో. అంటే, కొట్టేసిన చెట్టు తొర్రలో దాక్కున్న సాలీడు దుంగతోపాటే రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందన్నమాట. దిగిన ఊరి పేరు దానికి స్థిరపడిపోయింది. సొంత ఊరు మాత్రం ఆ అడవే.

నీలం గుట్టు

దీని ఒంటి మీది నీలం నిజానికి రంగు కాదు. నెమలి ఈక సంగతి తెలుసుగా? ఈకలో నీలిరంగు పదార్థమేమీ ఉండదు. దానిలోని అతి సూక్ష్మమైన నిర్మాణాల మీద వెలుతురు పడి మనకి నీలంగా కనిపిస్తుంది. ఈ సాలీడు వెంట్రుకల్లో ఉన్నదీ అలాంటి ఏర్పాటే.

కాళ్లు చాపితే పెద్ద సాలీడు 15 నుంచి 20 సెంటీమీటర్లుంటుంది. ఆడది పన్నెండేళ్ల దాకా బతుకుతుంది. మగదానికి మూడు నాలుగేళ్లే ఆయుష్షు. పగలంతా పెద్ద చెట్ల తొర్రల్లో దాక్కుని, చీకటి పడ్డాక పురుగుల్ని వేటాడుతుంది. అలికిడైతే చాలు, కంటికి కనిపించనంత వేగంగా తొర్రలోకి దూరిపోతుంది.

మరి విషం? ఉంది. ఈ కుటుంబం సాలీళ్లు కరిచి మనుషులు చనిపోయినట్టు దాఖలాల్లేవు. కానీ విపరీతమైన నొప్పి, వాపు, కండరాలు పట్టేయడం లాంటివి తప్పవు. ఆ బాధ కొందరికి రోజుల తరబడి ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న పెంపకందార్లు దీన్ని చేతిమీదికి ఎక్కించుకోరు. చూసి ఆనందిస్తారంతే.

పెంచడమంటే...

ఇలా చెట్లమీద ఉండే సాలీడుకి వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువున్న పెట్టె కావాలి. లోపల నిలబెట్టిన బెరడు, అడుగున కొబ్బరిపొట్టు, ఓ చిన్న నీళ్లగిన్నె, గాలి ఆడటానికి పక్కన రంధ్రాలు. మూత గట్టిగా ఉండాలి. ఎండ నేరుగా పడకూడదు. తిండి అంటారా... పెద్దవాటికి వారానికోసారి ఒకటి రెండు కీచురాళ్లు చాలు. కొన్నిసార్లు నెలలపాటు ఏమీ ముట్టదు. కంగారు పడక్కర్లేదు, అది కుబుసం విడిచే ముందు చేసే ఉపవాసం!

పాముకి కుబుసమున్నట్టే సాలీడుకీ ఉంది. వెల్లకిలా పడుకుని, గంటలకొద్దీ కష్టపడి పాత చర్మంలోంచి బయటికొస్తుంది. చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుని కదిలిస్తే నిజంగానే చచ్చిపోతుంది. కొత్త చర్మం గట్టిపడేదాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది కాబట్టి, తినకుండా వదిలేసిన కీచురాయిని పెట్టెలోంచి తీసేయాలి. లేదంటే అదే సాలీడును కొరికేస్తుంది.

ఇంకోటి, టరాంటులా పొట్ట పల్చటి బుడగలాంటిది. ఎత్తు నుంచి కిందపడితే చితికిపోతుంది. 'చేతిమీద పెట్టుకుని ఫొటో దిగుతా' అనే సరదా ప్రాణం తీసేది అందుకే. దోమల మందు, బొద్దింకల స్ప్రే కూడా దానికి ప్రమాదమే. సాయంత్రమైతే మస్కిటో కాయిల్ వెలిగించే ఇళ్లలో పెంపుడు సాలీడు బతుకు కష్టమే మరి.

అసలు ఇల్లు ఏమవుతోంది?

మొదట్లో ఈ నీలి సాలీడు ఖరీదు వందల డాలర్లు పలికింది. తరవాత పాశ్చాత్య దేశాల పెంపకందార్లు గాజుపెట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని చేయడం నేర్చుకున్నారు. ధర దిగింది. ఇప్పుడు లండన్‌లోనో లాస్ ఏంజెలిస్‌లోనో ఓ కుర్రాడి గదిలో, అల్మరామీద పెట్టెలో గుత్తి నీలం హాయిగా కీచురాళ్లు తింటూ ఉండొచ్చు.

మరి దాని పుట్టింట్లో? తెలిసినంతవరకూ దాని అడవి వంద చదరపు కిలోమీటర్లు కూడా లేదు. తొర్రలుండేది ముసలి చెట్లకే. కలపకనో, వంటచెరకుకనో ఒక పెద్ద చెట్టు కొట్టేస్తే సాలీడుకి ఇల్లు పోయినట్టే. ఇంకో చెట్టుకి తొర్ర పడాలంటే ఎన్నేళ్లు కావాలి? ఇది చాలదన్నట్టు అమ్ముకోడానికి పట్టుకెళ్లేవాళ్ల బెడద. అందుకే 2008లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. 2019లో ఈ జాతి సాలీళ్లన్నింటి అంతర్జాతీయ వ్యాపారాన్నీ 'సైట్స్' ఒప్పందం కిందికి తెచ్చారు. మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. దాని ప్రకారం, ఆ ఒప్పందం జాబితాలోని జీవుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్లు ప్రభుత్వం దగ్గర వివరాలు నమోదు చేయించాలి. 'ఎవరో డబ్బాలో పెట్టి ఇచ్చారు, తెచ్చుకున్నాం' అంటే కుదరదు. పైగా అలా చేతులు మారే సాలీడు పెట్టెలో పుట్టిందో, అడవిలోంచి ఎత్తుకొచ్చిందో కొనేవాళ్లకి తెలిసే దారేదీ?

కాబట్టి పిల్లాడికి నాన్న చెప్పాల్సిన జవాబు 'సాలీడా... ఛీ' అని కాదు. 'అది మన అడవిది. అక్కడే ఉండనీ' అని.

మరి ముచ్చట తీరేదెలా?

దానికీ దారుంది. లాలాగూడ నుంచి తార్నాక మీదుగా వెళ్తే ఉస్మానియా క్యాంపస్ ఎంత దూరం? వానలు పడ్డాక పొదల దగ్గర కాసేపు ఓపిగ్గా వెతికితే, గూడు మధ్యలో కాళ్లు రెండేసి జతచేసి ఇంటూ గుర్తులా కూర్చున్న సాలీడు కనిపించే అవకాశముంది. గూడు మీద తెల్లటి దారంతో వంకరటింకర గీతలు కూడా గీస్తుంది. సంతకం చేసినట్టుంటుందని దాన్ని సిగ్నేచర్ స్పైడర్ అంటారు. ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లి, అది రోజుకెన్ని పురుగుల్ని పట్టిందో, గూడు ఎప్పుడు కొత్తగా అల్లిందో రాసుకోమనండి. పెట్టె అక్కర్లేదు, కీచురాళ్లు కొనక్కర్లేదు.

అంతదూరం ఎందుకంటే, ఇంట్లోనే ఉన్నాయి. కిటికీ మీద ఈగల్ని గెంతి పట్టే బుల్లి సాలీడు, రాత్రిళ్లు బాత్‌రూమ్ గోడమీద బొద్దింకల కోసం కాపుకాసే పెద్దకాళ్ల సాలీడు, పైకప్పు మూలలో దోమల్ని చుట్టేసే సన్నకాళ్లది. 'ఒంటిమీద పాకితే పొక్కులొస్తాయి' అని చాలామంది భయపడతారు. ఆ పొక్కులు చాలాసార్లు వైరస్ వల్లో, వేరే పురుగుల వల్లో వచ్చేవే. డాక్టరుకి చూపించుకోవాలి తప్ప సాలీడు మీద పగబట్టక్కర్లేదు.

అన్నట్టు, శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం ఎవరిదో నానమ్మకి తెలియంది కాదు. శ్రీ అంటే సాలీడు, కాళం పాము, హస్తి ఏనుగు. శివుడికి గూడు అల్లి సేవచేసిందన్న ఆ పురుగుని గుర్తుచేస్తే, బూజు దులిపేటప్పుడు నానమ్మే ఒక మూల వదిలేస్తుందేమో. పిల్లాడి పుట్టినరోజుకి ఆ మూల చాలదూ!