తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

నౌపడ నుంచి ఒక తల్లి మాకు ప్రశ్న పంపారు. ఆమె కుమారుడు ఇంజనీరింగు ముగించి, బెంగళూరులో ఇటీవలే మొదలైన ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ తాళాలు తయారు చేస్తుందట, అయితే వాటికి తాళంచెవులు ఉండవట. ఫోను చూపితే తలుపు తెరుచుకుంటుందట. ‘ఇది నిలిచే ఉద్యోగమేనా? ఈ సంపాదన హలాలేనా?’ అని ఆమె అడిగారు. నౌపడ వంటి ఊళ్లలో మన కుటుంబాలు వేళ్లమీద లెక్కించదగినన్ని మాత్రమే. ఇలాంటి సందేహం కలిగితే అడగడానికి ఇరుగుపొరుగున తెలిసినవారు ఉండరు. అందుచేత ఈ నెల శీర్షికను ఈ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

సంపాదన సంగతి ముందు చెబుతాము. తాళం చేయడం మనిషికి రక్షణనిచ్చే పని. కొలిమి దగ్గర కూర్చుని ఇనుప తాళం చేసినవాని కూలి ఎంత ధర్మసమ్మతమో, కంప్యూటరు ముందు కూర్చుని ఈ తాళం చేసినవాని జీతమూ అంతే ధర్మసమ్మతం. అయితే కమ్మరి తాళం అమ్మిన రోజునే తాళంచెవిని కొన్నవారి చేతిలో పెట్టి, ఆ ఇంటితో సంబంధం తెంచుకునేవాడు. ఈ కొత్త తాళం చేసేవాని సంబంధం అమ్మకంతో తెగదు. మన దృష్టిలో అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

ఈ తాళాల పనితీరు తెలియనివారి కోసం కొంత వివరిస్తాము. తలుపు పక్కన ఒక చిన్న యంత్రం అమర్చుతారు. కార్డు, ఫోను, వేలిముద్ర, ముఖం - వీటిలో ఏదో ఒకదానిని అది గుర్తిస్తుంది. ఈ మనిషికి, ఈ తలుపు, ఈ వేళలో తెరవవచ్చునా అని తన దగ్గరున్న పట్టికలోనో, ఎక్కడో దూరానున్న సర్వరులోనో సరిచూసుకుంటుంది. సరేనంటే గడియ వదులుతుంది. అదే క్షణంలో ఎవరు, ఎప్పుడు, ఏ తలుపు అన్నది నమోదవుతుంది. హైదరాబాదులో గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంటులో బంధువులున్నవారికి దీని సోదర రూపం పరిచయమే. గేటు దగ్గర కాపలాదారు మన పేరు ఫోనులో ఎక్కిస్తాడు, పైనున్నవారు ‘సరే’ అని నొక్కితే లోపలికి పంపుతాడు. ఈ రంగంలో పేరున్న మైగేట్ సంస్థను వాయుసేనలో పైలట్‌గా పనిచేసిన విజయ్ అరిశెట్టి, మరి ఇద్దరు మిత్రులతో కలిసి 2016లో బెంగళూరులో ప్రారంభించారు.

చిత్రమేమిటంటే, ఈ సంస్థలు కొత్తగా కనిపెట్టామనుకుంటున్న మర్యాద మనకు పద్నాలుగు వందల ఏళ్లుగా తెలిసినదే. ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొందకుండా, ఇంటివారికి సలాం చేయకుండా ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఆదేశిస్తున్నది. తిరిగి వెళ్లమంటే మనసులో ఏమీ పెట్టుకోకుండా వెళ్లిపొమ్మన్నది కూడా అక్కడే ఉంది. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే వెనుదిరగాలన్నది దైవప్రవక్త (స) బోధ. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) సాక్షాత్తు ఖలీఫా ఉమర్ (రజి) గుమ్మం నుంచి అలాగే వెనుదిరిగారు. ఎందుకు వెళ్లిపోయావని ఉమర్ (రజి) అడిగి, ఈ బోధకు సాక్షిని తెమ్మనేంత గట్టిగా నిలదీశారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) వచ్చి సాక్ష్యం చెప్పారు.

మరొక ఉదంతం ఈ రంగంలోని యువకులకు ప్రత్యేకంగా నచ్చుతుందని మా ఊహ. హజ్రత్ జాబిర్ (రజి) తన తండ్రి అప్పు విషయమై వచ్చి దైవప్రవక్త (స) తలుపు తట్టారు. ‘ఎవరు?’ అని లోపలి నుంచి ప్రశ్న వచ్చింది. ఆయన ‘నేను’ అన్నారు. ఆ జవాబు దైవప్రవక్తకు (స) నచ్చలేదు. ‘నేను’ అని ఎవరైనా అనగలరు కదా! వచ్చినవారు ఎవరో తేలాలి. ఆ తరువాతే తలుపు. నేటి ఇంజనీర్లు రాత్రింబవళ్లు కుస్తీ పడుతున్నది ఈ ఒక్క చిక్కుముడితోనే.

అయితే అనుమతి దేనికోసం? ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గది తలుపు సందులోంచి లోనికి తొంగి చూసినప్పుడు ఆయన ఎంతో ఆగ్రహించారు. అనుమతి నియమం ఏర్పడినదే చూపు కారణంగా అని తెలియజేశారు. అడుగు లోపల పెట్టకపోయినా, చూపు లోపలికి వెళితే ఆ ఇంటి హద్దు దాటినట్లే. ఈ మాటను దృష్టిలో ఉంచుకుని కొత్త తాళాన్ని చూడండి. ఒక ఇంటివారు ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరారు, రాత్రి ఎన్నింటికి చేరారు, ఎవరి ఇంటికి డాక్టరు వచ్చాడు, ఏ స్త్రీ ఒంటరిగా ఉంటున్నది - ఇవన్నీ ఆ చిట్టాలో ఉంటాయి. తలుపు మూసే ఉంది, సందు మాత్రం సర్వరులో తెరుచుకుంది. గుమ్మానికి బిగించే కెమెరా గంటల సంగతి సరేసరి. మన ఇంటికి వచ్చేవారిని చూపడానికి పెట్టుకున్నది ఎదుటి ఫ్లాటు గుమ్మాన్ని పగలూ రేయీ చూస్తూనే ఉంటుంది. ఎదుటివారిని అడిగి పెట్టినవారు ఎందరు?

పనిమనిషి విషయం మరీ ఆలోచించదగినది. ఇంటి యజమాని ఇష్టపడి ఆ యాప్‌ను వాడుకుంటాడు. గిన్నెలు తోమడానికి వచ్చే అమ్మ తన ఫోటో, తన నంబరు, తన రాకపోకల వేళలు ఇవ్వనంటే ఆమెకు గేటు తెరుచుకోదు. దానిని అనుమతి అనగలమా? కొన్ని యాప్‌లలో ఆమె హాజరుపట్టీతో పాటు ఆమెకు మార్కులు వేసే వీలూ ఉంటుంది. తనకు ఎవరు ఎన్ని మార్కులు వేశారో, ఎందుకు వేశారో అడిగే వీలు ఆమెకు ఎక్కడుంది? 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టం చేసింది. ఆ హక్కు ఫ్లాటు కొన్నవారికి ఎంత ఉందో, మెట్లు తుడిచేవారికీ అంతే ఉంది.

మక్కా విజయం నాటి తాళంచెవి కథ మన పిల్లలు వినే ఉంటారు. కాబా తాళంచెవి అప్పుడు హజ్రత్ ఉస్మాన్ బిన్ తల్హా (రజి) దగ్గర ఉండేది. నగరమంతా స్వాధీనమైన ఆ రోజున దైవప్రవక్త (స) దానిని తెప్పించుకుని, తలుపు తెరిపించి, తిరిగి ఆయన చేతికే ఇచ్చారు. నేటికీ అది ఆ వంశంలోనే ఉంది. 2024 జూన్‌లో సాలిహ్ అల్-షైబీ మరణించినప్పుడు అదే వంశంలోని మరొకరు బాధ్యత స్వీకరించారు. ఇన్ని తరాలు తాళంచెవిని కాపాడినవారెవరూ ఆ గృహానికి యజమానులు కాలేదు. తాళంచెవి వారికి అమానతు. వేలాది ఇళ్ల తాళంచెవులు ఒక్క కంప్యూటరులో ఉన్న కంపెనీలో పనిచేసే యువకుడు తన ఉద్యోగాన్ని ఈ వరుసలో పెట్టి చూసుకోవాలి. పండించినవాని చేతిలో కాక సర్కారు చేతిలో ఉప్పు కొఠారు తాళాలున్న తెల్లవారి కాలాన్ని చూసిన ఊరు నౌపడ. తాళం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఆ ఊరివారికి పరాయిది కాదు.

ఇది వట్టి ఊహ కాదనడానికి న్యూయార్కులో జరిగినది చూడండి. అక్కడి హెల్స్ కిచెన్ ప్రాంతంలోని ఒక భవనంలో యజమాని ‘లాచ్’ అనే కొత్త కంపెనీ తాళం ప్రధాన ద్వారానికి బిగించాడు. అద్దెకున్నవారిలో తొంభై మూడేళ్ల వృద్ధుడు ఒకరు. ఫోను వాడడం ఆయనకు రాదు. తమ రాకపోకల చిట్టా ఎవరి చేతికి పోతుందో అన్న భయం మిగిలినవారిది. అందరూ కలిసి కోర్టుకు వెళ్లగా, 2019లో కుదిరిన రాజీ ప్రకారం యజమాని వారికి మామూలు తాళంచెవులు ఇవ్వవలసి వచ్చింది. తరువాత 2021లో ఆ నగరం ఇలాంటి భవనాల కోసమే చట్టం చేసింది. అద్దెదారు సమ్మతి తీసుకోవాలి, ప్రవేశ వివరాలను తొంభై రోజులకు మించి ఉంచుకోరాదు. మన నగరాలలో ఇంకా అడగవలసిన ప్రశ్న అది: ఈ చిట్టా ఎన్నాళ్లు ఉంటుంది, చూసే అధికారం ఎవరిది?

ఉత్తరాంధ్ర పిల్లలు ఈ పనికి తమతో తీసుకుపోగల విద్య ఒకటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ తీరంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు, నెట్‌వర్కు ఎప్పుడూ ఉంటాయన్న భ్రమ అక్కడ పెరిగినవారికి ఉండదు. అయస్కాంతంతో పట్టి ఉంచే తాళం కరెంటు పోతే తెరుచుకుపోతుంది. మరొక రకం బయటివారికి మూసుకునే ఉంటుంది. ఏ తలుపుకు ఏది బిగించాలన్నది ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం. మంటలు లేచిన రాత్రి లోపలివారు ఫోను వెతుక్కోకుండా బయటపడగలగాలి. కొత్త కంపెనీలో పనివారు తక్కువ కనుక నిన్న చేరిన కుర్రవాడు కూడా ఈ ప్రశ్న నేరుగా యజమానిని అడగగలడు. పెద్ద కంపెనీలో ఈ అవకాశం సులభంగా దొరకదు.

ఇక నిలకడ సంగతి. కొత్త కంపెనీలు పెట్టుబడిదారుల సొమ్ము మీద నడుస్తాయి. అది ఆగిన రోజున ఉద్యోగాలు పోతాయి. పైన చెప్పిన లాచ్ 2021లో అమెరికా షేరు మార్కెట్టుకు ఎక్కి, మరుసటి ఏడాదే పెద్దఎత్తున ఉద్యోగులను తొలగించింది. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచమని అబ్బాయికి చెప్పండి. నియామక పత్రం చేతికి వచ్చిందా, నోటీసు గడువు ఎంత, ఇరవై మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ అయితే ప్రావిడెంట్ ఫండ్ కడుతున్నదా, అడగండి. జీతంలో కొంత భాగానికి బదులు కంపెనీ వాటాలు ఇస్తామంటారు. సాధారణంగా అవి మొదటి ఏడాది పూర్తి కాకముందు చేతికి రావు, మొత్తం రావడానికి నాలుగేళ్లు పడుతుంది, అప్పటికి కంపెనీ ఉంటేనే వాటికి విలువ. ఈలోగా పెళ్లి సంబంధాల మాటలు వస్తే, ఆ వాటాలను ఆస్తి కింద అవతలివారికి చెప్పకండి. నెల జీతం ఎంతో అంతే చెప్పండి.