రాష్ట్రపతిని సంతకం చూసి ఎన్నుకోవాలి



సోషల్ పీరియడులో రాష్ట్రపతి పాఠం అయిపోయినాక మేడం గారు మమ్ములను ఒక ప్రశ్న అడిగినారు. "రాష్ట్రపతికి ఓటు వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. వాళ్ళ జాగాలో మీరుంటే ఎవరికి వేస్తరు?" అని. క్లాసులో సగం మంది "మనవాళ్ళకు" అన్నారు. కొందరు "బాగా చదువుకున్నవాళ్ళకు" అన్నారు. ఒక అమ్మాయి "మంచిగ మాట్లాడేవాళ్ళకు" అన్నది. నేను ఆ రోజు ఏమీ చెప్పలేదు. రాత్రి స్టడీ అవర్లో ఆలోచించినాను. ఇప్పుడు నా అభిప్రాయం రాస్తున్నాను. ఆ మనిషి ఇంతకుముందు వేటి మీద సంతకం పెట్టినారు, వేటి మీద పెట్టకుండా ఆపినారు అని చూసి ఓటు వెయ్యాలి.

సంతకమే ఎందుకంటే, రాష్ట్రపతి పనిలో పెద్ద పని అదే. పార్లమెంటు చేసిన బిల్లు రాష్ట్రపతి ఆమోదం పడితేనే చట్టం అవుతుంది. "రాష్ట్రపతి రబ్బరు స్టాంపు, ఎవరైతే ఏమి" అని చాలామంది అంటారు. అది సగమే నిజం. డబ్బు బిల్లు, రాజ్యాంగ సవరణ బిల్లు తప్ప మిగతా బిల్లును రాష్ట్రపతి ఒకసారి తిప్పి పంపవచ్చును. పార్లమెంటు మళ్ళీ అదే పంపితే అప్పుడు ఆమోదించక తప్పదు. 1978లో రాజ్యాంగం 44వ సవరణ జరిగినాక మంత్రివర్గం ఇచ్చిన సలహాను కూడా ఒకసారి వెనక్కి పంపవచ్చును. అంటే "ఇది ఎందుకు? మళ్ళీ ఆలోచించండి" అని ఒక్కసారి అడిగే హక్కు ఉన్నది. ఒక్కసారే కదా అని తీసిపారేయొద్దు.

అడగకుండా సంతకం పెడితే ఏమయితదో 1975లో చూసినారు. జూన్ 25 రాత్రి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు పంపిన ఎమర్జెన్సీ కాగితం మీద రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు సంతకం పెట్టినారు. మంత్రివర్గం ఆమోదం మరుసటి రోజు పొద్దున గాని తీసుకోలేదు. ముందు సంతకం, తరువాత మీటింగు. ఎంతోమంది జైలుకు పోయినారు, పేపర్ల నోరు మూసినారు. ఎమర్జెన్సీ 1977 మార్చి దాకా ఉన్నది.

అడిగినవారు కూడా ఉన్నారు. కె.ఆర్.నారాయణన్ గారు 1997లో రాష్ట్రపతి అయినారు. మొదటి దళిత రాష్ట్రపతి ఆయనే. అదే ఏడు అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని కేంద్ర మంత్రివర్గం సలహా పంపితే, మళ్ళీ ఆలోచించండి అని వెనక్కి పంపినారు. 1998లో బీహారు గురించి పంపితే అప్పుడు కూడా అట్లనే చేసినారు. మొదటిసారి ఢిల్లీలో ఉన్నది ఒక ప్రభుత్వం, రెండోసారి ఇంకొక ప్రభుత్వం. ఆయన ఇద్దరినీ అడిగినారు.

ఇది ఢిల్లీ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు మన ఊర్లు ఐదవ షెడ్యూలు కింద ఉన్నవి. ఏ ప్రాంతం షెడ్యూల్డు ఏరియా అనేది రాష్ట్రపతి ఉత్తర్వుతోనే ఖాయం అవుతుంది. మన ప్రాంతం భూముల కొరకు గవర్నరు రెగ్యులేషన్ చేస్తే, రాష్ట్రపతి ఆమోదం పడేదాక అది చెల్లదు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అట్లా వచ్చిన రెగ్యులేషనే. అది 1970లో వచ్చింది. అప్పుడు రాష్ట్రపతి వి.వి.గిరి గారు. మన పెద్దలు 1/70, 1/70 అని ఎప్పుడూ అంటుంటారు. దాని వెనక రాష్ట్రపతి ఆమోదం ఉన్నదని నాకు ఈ సంవత్సరమే తెలిసింది.

ఇక ఓటర్ల సంగతి. 2022 ఎన్నికలో ఒక్క ఎంపీ ఓటు విలువ 700. ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేకు 208, సిక్కిం ఎమ్మెల్యేకు 7, మన తెలంగాణ ఎమ్మెల్యేకు 132. 1971 జనాభా లెక్కల ప్రకారం ఈ విలువ కట్టినారు. బ్యాలెట్ కాగితం మీద పేర్లకు ఎదురుగా 1, 2 అని అంకెలు వెయ్యాలి. ఓటు రహస్యం. పార్టీ విప్ ఇయ్యరాదు. అందుకని "మా పార్టీ చెప్పింది, నేను వేసిన" అంటే సరిపోదు. 132 విలువ మన జనం తలలను లెక్కపెట్టి ఇచ్చిందే కదా.

1969లో ఇది రుజువయింది. అప్పుడు పోటీ పడ్డ ఇద్దరు పెద్దవాళ్ళు తెలుగువాళ్ళే. నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అభ్యర్థి, వి.వి.గిరి గారు స్వతంత్ర అభ్యర్థి. మనస్సాక్షి ప్రకారం ఓటు వెయ్యండి అని ఇందిరాగాంధీ గారు అన్నారు. రెండో ప్రాధాన్యత ఓట్లు కూడా లెక్కపెట్టినాక గిరి గారు గెలిచినారు. ఇద్దరూ "మనవాళ్ళే" అయినప్పుడు మనవాళ్ళు అనే లెక్క పనికిరాదు. వేరే ఏదో చూడాల్సిందే.

"మనవాళ్ళు" అనే మాట తప్పు అని నేను అనటం లేదు. 2012లో మేఘాలయకు చెందిన పి.ఎ.సంగ్మా గారు, గారో ఆదివాసీ, గిరిజనుడు రాష్ట్రపతి కావాలని నిలబడ్డారు. ప్రణబ్ ముఖర్జీ గారి మీద ఓడిపోయినారు. పది సంవత్సరాల తరువాత, 2022 జూలైలో, ఒడిశా సంతాలీ ఆదివాసీ ద్రౌపది ముర్ము గారు గెలిచినారు. ఆమెకు 6,76,803 విలువ ఓట్లు, యశ్వంత్ సిన్హా గారికి 3,80,177 వచ్చినవి. అదే ఏడు డిసెంబరు 28న ఆమె మన పాలంపేట రామప్ప గుడికి వచ్చినారు. మా వాడలో అందరికీ ఎంత సంతోషమో చెప్పలేను. అంత పెద్ద కుర్చీలో మన అసొంటి మనిషి కూర్చున్నది అని ముసలమ్మలు కూడా అనుకున్నారు. ఆ సంతోషం ఉండాల్సిందే.

కాని నన్ను అడిగితే ఆమెకు ఓటు వెయ్యటానికి పెద్ద కారణం వేరే ఉన్నది. ఆమె 2015 నుండి 2021 దాకా జార్ఖండ్ గవర్నరు. అక్కడ ఆదివాసుల భూమిని కాపాడే రెండు పాత చట్టాలను మార్చాలని ప్రభుత్వం బిల్లులు చేసింది. 2017లో ఆమె ఆ బిల్లులను ఆమోదించకుండా తిప్పి పంపినారు. ఆ ప్రభుత్వం ఆమె వచ్చిన పార్టీదే. అయినా పంపినారు. ఓటరు చూడవలసింది ఇది.

ఎన్నుకున్నాక కూడా చూడటం మానవద్దు. 2023లో అటవీ సంరక్షణ చట్టం సవరణ వచ్చింది. చాలా ఆదివాసీ సంఘాలు వద్దన్నాయి. ఆగస్టులో దానికి రాష్ట్రపతి ఆమోదం పడింది. అది కూడా ఒక్కసారి తిప్పి పంపి ఉంటే బాగుండును అని నాకు అనిపించింది. ఇది గౌరవం లేక అంటున్న మాట కాదు. మనవాళ్ళు కాబట్టి అడగవద్దు అనుకుంటే, మనవాళ్ళను ఎన్నుకొని ఏమి లాభం?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఈ స్కూలుకు రాకముందు నేను వేరే హాస్టల్లో ఉన్నాను. అక్కడ నన్ను మెస్ లీడరుగా ఎన్నుకున్నారు. ఎందుకంటే నా చేతిరాత బాగుంటుంది. మా ఊరి పిల్లలు కూడా అక్కడ ఎక్కువ మంది. కోడిగుడ్లు వచ్చిన రోజు రిజిస్టరులో ఎన్ని అని రాసి ఉంటుంది, కింద లీడరు సంతకం పెట్టాలి. నేను లెక్కపెట్టకుండానే పెట్టేదాన్ని. అందంగా పెట్టేదాన్ని. ఒక రోజు లైనులో చివర ఉన్న చిన్నపిల్లలు పదకొండు మందికి గుడ్డు అందలేదు. రిజిస్టరు చూస్తే అందరికీ వచ్చినట్టే ఉన్నది. కింద సంతకం నాదే. గుడ్లు యాడ తక్కువ పడ్డయో నాకు తెల్వదు. లెక్కపెట్టనిది మాత్రం నేనే.

మా ఇంట్లో సంతకం పెట్టే మొదటి మనిషిని నేను. మా నాయన వేలిముద్ర వేస్తడు. బ్యాంకు కాగితమైనా, ఉపాధి పని కాగితమైనా, ఎవరితోనన్న రెండుసార్లు చదివించుకొని, "దీంట్ల నాకు పోయేది ఏమన్న ఉన్నదా?" అని అడిగినాకనే వేలు పెడతడు. ఒకసారి అర్థం కాలేదని వెయ్యకుండా తిప్పి పంపినడు. చదువు రాని నాయన అడిగినాక వేలు పెడుతుంటే, చదువు వచ్చిన నేను చూడకుండా సంతకం పెట్టిన. ఆ రోజు నుండి నాకు సంతకం అంటే భయం, గౌరవం రెండూ వచ్చినవి.

రాష్ట్రపతి పదవి ఐదేండ్లు. 2022 జూలైలో ప్రమాణం చేసినారు కాబట్టి లెక్క ప్రకారం మళ్ళీ ఎన్నిక 2027లో. మనకు ఓటు లేదు. కాని ఓటు ఉన్న ఎమ్మెల్యేలు ఎప్పుడో ఒకసారి మన ఊరికి వస్తారు. వచ్చినప్పుడు మనం అడగవచ్చు. మీరు అంకె వేసే ముందు ఆ మనిషి పాత సంతకాలు చూసినారా? సొంత పార్టీ కాగితాన్ని ఎప్పుడైనా ఆపినాడా? మన భూమి కాగితం ఆయన బల్ల మీదికి పోతే చదివే మనిషేనా?

అట్లనే మన మెస్ కమిటీని ఎన్నుకునేటప్పుడు కూడా మన ఊరా, మన గూడెమా, చేతిరాత ఎట్లున్నది అని చూడవద్దు. లెక్కపెట్టే అమ్మాయిని చూడండి. ఎవరైనా నా పేరు చెప్తే, ముందు ఆ గుడ్ల సంగతి నన్ను అడగండి. అడిగినాకనే చెయ్యి ఎత్తండి.

ఇది నా సొంత అభిప్రాయం. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని