రాతతప్పుకు రైతుకా శిక్ష?

భూమి రికార్డుల్లో దిద్దుబాటు సులువైతే దొంగ పట్టాలు పుట్టుకొస్తాయన్న వాదన తెలంగాణలో బాగా నాటుకుపోయింది. రిటైరైన అధికారులే కాదు, ఆఫీసుల్లో లంచాలిచ్చి విసిగిన రైతులూ ఈ మాటే అంటారు. కింది ఉద్యోగికి కలం ఇస్తే అమ్ముకుంటాడు, అందుకని ఆ అధికారం కలెక్టరు దగ్గరే ఉండాలంటారు. ఈ భయం ఉత్తిది కాదు. రాత్రికి రాత్రి పహాణీలో పేర్లు మారిన ఊళ్లు మనకు తెలుసు. కానీ ఆ భయానికి ఎంచుకున్న మందే తప్పు.

2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. ఆ ఏడాదే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థ రద్దయింది, 1971 నాటి భూహక్కుల రికార్డుల (ఆర్వోఆర్) చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. పాత చట్టంలో ఆర్డీవోకు అప్పీలు, ఆపైన రివిజన్ ఉండేవి. కొత్త చట్టంలో రెండూ పోయాయి. తర్వాత టీఎం-33 లాంటి దిద్దుబాటు మాడ్యూళ్లు పోర్టల్లో తెచ్చినా మూడేళ్లకు పైగా ఆ ఫైళ్లన్నీ కలెక్టరేటు బాటే పట్టాయి.

ఆ ఏర్పాటు ఎవరికి చేటు చేసిందో చూడండి. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో ఒక రైతు భూమి 2-20కి బదులు 1-20గా ఎక్కిందనుకుందాం. దస్తావేజులోనూ పాత పహాణీలోనూ రెండెకరాల ఇరవై గుంటలే ఉంది. తప్పు ఒక్క అంకె. అయినా ఆ ఎకరానికి రైతుబంధు వచ్చేది కాదు, పంటరుణం పుట్టేది కాదు, బిడ్డ పెళ్లికి అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ స్లాటు బుక్ అయ్యేది కాదు. అసలు పాసుపుస్తకమే రాకపోతే, రైతు చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షల రైతుబీమా అందేది కాదు. మీసేవలో దరఖాస్తు, సోమవారం ప్రజావాణిలో అర్జీ, మళ్లీ మీసేవ. కారణం చెప్పకుండా ‘రిజెక్టెడ్’ అని వస్తే ఏ కాగితం జతచేయాలో కూడా తెలిసేది కాదు.

పోనీ, లంచం తగ్గిందా అంటే అదీ అనుమానమే. అర్జీ కలెక్టరు దగ్గరికి వెళ్తే ఆయన రిపోర్టు అడిగేది మండల తహశీల్దారునే. పహాణీలు మండలంలో ఉంటాయి, గట్టు పక్క రైతులు ఊళ్లో ఉంటారు, మరి ఇంకెవర్ని అడుగుతారు? కింది ఉద్యోగి కలం ఎక్కడికీ పోలేదు. నిర్ణయం తనదని ఒప్పుకోకుండా రాసుకునే వెసులుబాటు మాత్రం దొరికింది.

అధికారం పైనే ఉండాలన్న వాదనలో ఇంకో లోపముంది. రాతతప్పునీ తగాదానీ ఒకే గాటన కడుతుంది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే చెలకను నాదంటే నాదంటే అది తగాదా, విచారణ జరగాల్సిందే. దస్తావేజులో ఒక అంకె, పాసుపుస్తకంలో ఇంకో అంకె ఉండి, పక్కవాళ్ల అభ్యంతరం లేకపోతే అది రాతతప్పు. న్యాయస్థానాలు ఈ తేడా ఎన్నడో గుర్తించాయి. తీర్పులోనో డిక్రీలోనో దొర్లిన రాత, లెక్క తప్పులను ఎప్పుడైనా, ఎవరూ అడగకపోయినా కోర్టు దిద్దవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ చెబుతోంది. జడ్జి డిక్రీకి ఉన్న వీలు పాసుపుస్తకానికి ఎందుకు ఉండకూడదు?

మోసం జరగకుండా దిద్దే పద్ధతి కూడా మన చట్టాల్లోనే ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారు పాత నమోదును చెరపకుండా, మార్జిన్లో సవరణ రాసి, సంతకం చేసి తేదీ వేయాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కళ్లముందే ఉంటుంది. దొంగను పట్టించేది ఆ జాడే.

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది. దొంగ పట్టాల పాత రోజులు వస్తాయని అప్పుడే గొణుగుడు మొదలైంది. రాకుండా ఆపాలంటే పట్టుబట్టాల్సినవి వేరే ఉన్నాయి. ప్రతి దిద్దుబాటుకూ ప్రతి తిరస్కరణకూ రాతపూర్వక కారణం ఉండాలి. గట్టు పక్క రైతులకు నోటీసు వెళ్లాలి. పాత నమోదు పోర్టల్లో అలాగే కనబడాలి. గడువు దాటితే సంబంధిత అధికారి జవాబు చెప్పాలి. ప్రభుత్వం చేసిన తప్పుకు రైతు దగ్గర రుసుము తీసుకోకూడదు. ఇవేవీ అడగకుండా అధికారం పైనే ఉంచమనేవాళ్లు అవినీతిని ఆపడం లేదు, ప్రభుత్వం చేసిన తప్పు ఖర్చును రైతు నెత్తిన వేస్తున్నారు.