కార్డు కలదు, వాకిలి యేది?

గుంటూరు మిర్చియార్డులో నేడు తేజ రకము క్వింటాలు ఎంత పలికినదో మధ్యాహ్నము కాకమునుపే దర్శి మొదలు మాచర్ల వఱకు ప్రతి పల్లెకును తెలియును. టిక్కీ బండికెత్తకమునుపే రైతు నాటి ధర నెఱిగియుండును. కాని ఆ మిరపకాయలకు తొడిమలు తీయు కూలిస్త్రీకి గుండెనొప్పి వచ్చినచో, ఆమె కార్డును ఏ నర్సింగుహోము చేకొనునో ఆ పల్లెలో నొక్కరికిని తెలియదు. సరకు ధరను ఇంత చురుకుగా చేరవేయగల దేశములో ఈ యొక్క వార్త యేల చేరదు? చేరుట వలన లాభపడువాడు పేదవాడు గనుక, చేరవేయుటకు ఎవరికిని తొందర లేదు.

ఈ పథకము నిన్న మొన్నటిది కాదు. 2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ యను పేర మొదలయ్యెను. తరువాత ప్రభుత్వములు మాఱినవి, పేరును మాఱినది. 2014 తరువాత ఎన్.టి.ఆర్. వైద్యసేవ, 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ, 2024లో మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవ. పేరు మాఱినపుడెల్ల ఆసుపత్రుల ముంగిట బోర్డులు దిగినవి, క్రొత్తవి యెక్కినవి. (జనులు మాత్రము నేటికిని ఆరోగ్యశ్రీ యనియే యందురు, వారికి రంగులతో పని లేదు.) 2023 డిసెంబరులో వైద్యవ్యయ పరిమితి కుటుంబమునకు ఏటికి 25 లక్షల రూపాయలకు పెరిగినది. చికిత్సల సంఖ్య మూడు వేలు దాటినది. ఇన్నిమార్లు బోర్డు మార్చినవారికి, ఈ యింట ఏ రోగమునకు కార్డు చెల్లును, దేనికి చెల్లదు అను రెండు పంక్తులు దానిపై వ్రాయించుటకు తీరిక దొరకలేదు.

ఇదియే అసలు మర్మము. ఆసుపత్రికి లభించు అనుమతి విభాగము విభాగమునకు వేఱు. ఎముకల చికిత్సకు అనుమతి గలచోట గుండెకు లేకపోవచ్చును. కొన్ని చికిత్సలు ప్రభుత్వాసుపత్రులలోనే జరుగవలెను. బోర్డు చూచి లోపలికి పోయిన రోగికి ఈ సంగతి బల్లకు అవతలనున్న గుమాస్తా చెప్పినపుడు గాని తెలియదు. కనిగిరి నుండి బస్సెక్కి ఒంగోలు వచ్చిన కుటుంబము అచట కాదనిపించుకొని, గుంటూరు కొత్తపేటలో వాకిలి వాకిలికి తిరుగును. ఒకచోట "దీనికి లేదు" అందురు. వేఱొకచోట "నేడు లేదు" అందురు. మఱియొకచోట "అనుమతి వచ్చువఱకు పరీక్షల సొమ్ము కట్టుడు" అందురు. పరీక్షలు, మందులు, రోగి భోజనము, తిరుగుబస్సు చార్జి కూడ పథకములోనివే యని ఆ తల్లికి ఎవరు చెప్పినారు? చెవికమ్మలు తాకట్టుకు పోవును. కొడుకు మేస్త్రి యొద్ద రాబోవు కోతల కూలి ముందుగా తెచ్చును. ఉచితవైద్యమునకు నూటికి మూడు రూపాయల వడ్డీ!

వైద్యము లేని సీమ యైన ఓర్చుకొందుము. డాక్టరు అన్నా కూగ్లరు 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెఱచినది మొదలు ఈ పట్టణము వైద్యమునకు పేరుగన్నది. వైద్యకళాశాల 1946లో వెలసెను. నేడు కొత్తపేట వీథులలో నర్సింగుహోము లేని సందు వెదకుట కష్టము.

నర్సింగుహోముల యజమానులు చెప్పు మాట యొకటి కలదు. ప్రభుత్వము నెలల తరబడి బాకీ చెల్లింపదనియు, నిర్ణయించిన ధరలు చాలవనియు వారందురు. అందు సత్యము లేకపోలేదు. 2025 ఏప్రిల్‌లోను, మరల అక్టోబరులోను బకాయిల కొఱకు వారు సేవలు నిలిపివేసిరి. బాకీపడినది ప్రభుత్వము, అయినను వాకిట నిలువబడినది రోగి. అప్పు వసూలు చేయుటకు అప్పుపడనివాని మెడపై కూర్చుండుట ఏ ధర్మశాస్త్రమున నున్నది? ఇక ప్రభుత్వము మాట. 2025 సెప్టెంబరులో రెండున్నర లక్షల వఱకు వ్యయమును బీమా కంపెనీలకు అప్పగింప మంత్రివర్గము నిర్ణయించినది. చెల్లించు చేయి మాఱినంత మాత్రమున వాకిలి తెఱచుకొనునా? తన ఆసుపత్రులను తగినంత పెంచక పేదవానిని ప్రైవేటు వాకిళ్లకు పొమ్మన్నది తానే కదా! ఏ వాకిలియో చూపుట కూడ తన విధియే.

మనవంటి చదువరుల సంగతి చెప్పక తప్పదు. "ఊరక వచ్చునది గనుక జనులు దుర్వినియోగము చేయుదురు" అని అరుగులపై మనమే యందుము. ఉద్యోగులమైన మాకును ఇట్టి కార్డే యున్నది. నెలనెలా జీతములో కొంత కోత పడుచున్నది. ఆ కార్డు చెల్లనిచోట మేమేమి చేయుదుము? సొమ్ము కట్టి, రసీదులు కుట్టి, తరువాత రాబట్టుకొనుటకు అర్జీ పెట్టుదుము. తెలిసిన డాక్టరుకు ఫోను చేయింతుము. తొడిమలు తీయు స్త్రీకి ఫోను చేయువారెవరు? మన నోరు మూయించినది ఈ సదుపాయమే.

కావలసినది కొండంత కాదు. ప్రతి నర్సింగుహోము వాకిట, అక్షరము కూడబలుకువానికి సైతము తెలియునట్లు, పెద్ద తెలుగక్షరములలో ఒక పలక: ఈ చికిత్సలకు కార్డు చెల్లును, వీనికి చెల్లదు, పరీక్షలకు సొమ్మడిగినచో ఈ ఆరోగ్యమిత్రతో చెప్పుడు. ఇదే పట్టిక ప్రతి గ్రామ సచివాలయపు గోడమీదను ఉండవలెను. ప్రభుత్వము ఏ ఆసుపత్రికి ఏ నెల యెంత చెల్లించినదో ప్రక్కనే వ్రాసినచో, ఎవరి సాకు ఎంతవఱకు నిజమో తేలిపోవును. పలక కట్టుటకు ఇష్టము లేని యజమాని పథకపు బోర్డును దింపివేయవచ్చును. అపుడు కనిగిరి తల్లికి ఒక మెట్టు ఎక్కు శ్రమయైన తగ్గును. అంతవఱకు ఇంటిలో ఫోనున్న ప్రతి చదువరియు, పొరుగున రోగి బస్సెక్కక ముందే 104కు పిలిచి, ఏ ఊరిలో ఏ వాకిలియో అడిగి, కాగితముపై వ్రాసి వారి చేతికియ్యవలెను.