ఎవరు నిలబడి ఒప్పుకోవాలి?

మా నాయన్ని సంఘం ముందు నిలబెట్టిన రోజు నాకు పన్నెండేళ్లు. మగవాళ్ల పక్క చాప మీద నేను కూర్చుని ఉన్నా. "తాగాను, తప్పయింది, దేవుడూ సంఘమూ నన్ను క్షమించాల" అన్నాడు. తల ఎత్తలేదు. అప్పటికి ఏడాది నుంచి ఆయనకు ప్రభువు బల్ల మానిపించారు. ఆ ఏడాదంతా రొట్టె పళ్లెం మా వరసకొచ్చి ఆయన్ని దాటిపోయేది. ఆ ఆదివారం మళ్లీ ఇచ్చారు. రొట్టె ముక్క పట్టుకున్న చెయ్యి వణకటం నేను చూశాను.

ఆ తాగుడు ఎక్కడ మొదలైందో సంఘంలో అందరికీ తెలుసు. ఒక్కరూ అడగలేదు.

మాది ప్రకాశం జిల్లా, పొగాకు నేల. నాయన ఊళ్లో ఒక ఆసామి దగ్గర పాలేరు. బ్యారనుకు మంట పెట్టాక రాత్రీ పగలూ మనిషి కావాలి, వేడి తగ్గితే ఆకు పాడవుద్ది. 1998లో మట్టల ఆదివారం నాడు నాయన ఇంకో మనిషిని కాపలా పెట్టి గుడికొచ్చాడు. ఆ మనిషి కునుకు తీశాడు. ఆకు పోయింది. ఆసామి పొగాకు కర్ర అందుకుని బ్యారను ముందే నాయన్ని కొట్టాడు. మోచెయ్యి విరిగింది. చచ్చేదాకా ఆ చెయ్యి సరిగ్గా ముడవలేదు. ఆదివారం పని మానటమే ఆయన చేసిన నేరం. మానమని చెప్పింది గుడే.

స్టేషనుకు పోతే, "ఇంటి మీద సిలువ పెట్టుకున్నావు, నీకు అట్రాసిటీ చట్టం యాడిదిరా" అన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు కులం వాడు హిందువై ఉండాలన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మొన్న 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఒక పాస్టరు పెట్టిన కేసులో ఆ చట్టం క్రైస్తవుడికి వర్తించదనే చెప్పింది. దెబ్బ కొట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్టు చూసి కొట్టడు. మాదిగోడని కొడతాడు.

మూడో రోజు అయ్యగారూ, సంఘ పెద్దలూ మా ఇంటికొచ్చారు. ప్రార్థన చేశారు. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగాడో, ప్రభువు ఏం చెప్పాడో వినిపించారు. తర్వాత రాజీ కాగితం తీశారు. నాయన ఎడమచేతి వేలిముద్ర వేశాడు, కుడి చెయ్యి కట్టులో ఉంది. ఆసామి రాలేదు, గుమస్తాతో ఆస్పత్రి ఖర్చుకు రెండు వేలు పంపాడు. నాయన మీదున్న ఆరువేల బాకీ అట్లాగే ఉంది. ఆ రాత్రి కూడా మేం పరలోక ప్రార్థన చెప్పుకున్నాం. మత్తయి సువార్త తెలుగులో చూడండి, ఆ ప్రార్థనలో క్షమించమని అడిగేది పాపాల్ని కాదు, ఋణాల్ని. వాడి ఋణం మేం ఒక్కరోజులో కొట్టేశాం. మా ఋణం మాయమ్మ మిరపకోతలకు పోయి నాలుగేళ్లు వడ్డీతో కట్టింది.

ఈ లెక్క ఎప్పట్నుంచో ఉంది. కరువు కాలంలో మా ముత్తాతల తరం దొర దగ్గరికి పోయారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొర వాళ్లకు పెట్టిన కట్టడి మూడు మాటలు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. దొరను తిట్టటానికి ఇది రాయటంలేదు. వెట్టివాడికి వారానికొక రోజు దొరకటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు, అందుకే ఆసాములు మండిపడ్డారు. మా ఇంట్లోకి అక్షరం వచ్చింది కూడా ఆ దారినే. కానీ చూడండి, పాపాల పట్టీ మా పళ్లెంలోంచీ మా డప్పులోంచీ తయారైంది. చచ్చిన గొడ్డు తప్ప మాకేం మిగల్చని వాడి పాపం ఏ పట్టీలో రాశారు?

1985 జూలై 17న, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ముందురోజు చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచిన ఆమె పేరు సువార్త. నేను విన్న ఏ ప్రసంగంలోనూ ఆ సువార్త లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఒప్పుకున్నవాడు లేడు, చేసినవాడూ లేడు.

సిలువ మీద ప్రభువు అడక్కుండానే క్షమించాడు గదా అంటారు. క్షమించాడు. మేకులు దిగింది ఆయన చేతుల్లోకే, కాబట్టి ఆ మాట ఆయన అనొచ్చు. ఆయన తరఫున పెద్దలు పోయి వేలిముద్ర వేయించలేదు. ఇంకో సంగతి. జక్కయ్య కథ మన పిల్లలు సండేస్కూల్లో పాడతారు, పొట్టివాడు చెట్టెక్కటం దగ్గరే పాట ఆపేస్తారు. దిగొచ్చి ఏం చేశాడు? ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అప్పుడు గదా ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నది. నాలుగింతల లెక్క కడితే మా ఆసామి మా పేటకు ఎంత బాకీ పడతాడో నా అయిదో తరగతి పిల్లలు చెప్పగలరు.

నాయన 2011లో పోయాడు. ఆసామి ఉన్నాడు. 2024 క్రిస్మస్‌కు మా గుడికి ఆరు ఫ్యాన్లు ఇచ్చి ముఖ్య అతిథిగా వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు, దండ వేశారు, కేకు కోయించారు. నాయన్ని నిలబెట్టిన చోటే ఆ కుర్చీ. పేటలో చదువుకున్నవాణ్ణని నన్ను వందన సమర్పణ చెయ్యమన్నారు. చెయ్యనన్నాను. "మనసులో కక్ష ఉంచుకోవటం పాపం మాస్టారూ, ముందు మీరు పశ్చాత్తాపపడాల" అన్నాడు ఇప్పటి అయ్యగారు. నాకంటే చిన్నవాడు, మావాడే, మంచివాడే.

కక్ష కాదు అయ్యగారూ. ఆయన్ని అదే చోట నిలబడి, కొట్టాను, తప్పయింది అనమనండి. నాయనకు ఏడాది పట్టింది, ఈయనకు ఒక నెల చాలు. అనేదాకా బల్ల మానిపించే ధైర్యం మీకు లేదు, ఆయన మన సంఘం మనిషి కాదు గదా అంటారు. సంఘం మనిషి కానివాడికి మన క్షమాపణ ఇచ్చే హక్కు మీకెవరిచ్చారు?

అప్పట్నుంచి నేను బల్ల తీసుకోవటం లేదు. ఈసారి ఎవరూ మానిపించలేదు, నేనే మానుకున్నా. అర్పణ తెచ్చినప్పుడు నీ మీద సహోదరుడికి నేరం గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి పోయి సమాధానపడమని రాసి ఉంది. పోవాల్సినవాడు పోలేదు. మాయమ్మకు నా మీద కోపం. "మీ నాయనుంటే తీసుకునేవాడురా" అంటది. నిజమే, తీసుకునేవాడే. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం పోతది. ఎంత ఎండ కాసినా ఆ ఫ్యాన్ల కింద కూర్చోదు, గుమ్మం పక్కన కూర్చుంటది. ఎందుకని నేనూ అడగలేదు.